నాలుగో చుక్క

"నిజం చెప్పు. బొంగరాన్ని పాతసామాన్ల బండికి వేశావా, లేదా?"

మేస్త్రి అడగడం ఇది మూడోసారి. కొడుకు చొక్కా గుండీలు పెట్టుకుంటున్నాడు. ఉన్న గుండీలన్నీ ఎప్పుడో పెట్టేశాడు. పై గుండీ విప్పి మళ్ళీ పెడుతున్నాడు.

వంటింట్లో కుళాయి కింద గిన్నె 'టప్' మంది.

"వేశాను," అన్నాడు చివరికి. "పాత ఇనుమంతా గోతంలో కట్టి బండివాడికి పెట్టాను. అందులోనే పోయింది. ఇప్పుడు దాంతో ఎవరికేం పని?"

"నాకు పని."

"నీ చెయ్యి దాన్ని పట్టుకోలేదు కద నాన్నా!"

మాట జారాక కొడుక్కే కష్టమనిపించింది. గుండీ వదిలేసి గోడ వైపు చూశాడు. మేస్త్రి తన కుడిచేతి వైపు చూసుకున్నాడు. మూడు నెలల క్రితం, ఎన్ని మేడలెక్కి దిగినా జారని మనిషి, సొంత ఇంటి గడప తట్టుకుని ఆ చేతిమీద పడ్డాడు. కట్టు విప్పి నెలయింది. నిండు బకెట్టు ఎత్తగలుగుతున్నాడు. సూదిలో దారం మాత్రం ఎక్కించలేడు. ఆ చెయ్యి ఇప్పుడు బరువు మోస్తుంది, తేలిక మొయ్యలేదు.

గిన్నె మళ్ళీ 'టప్' మంది.

"ఇద్దరు కుళాయి మేస్త్రులున్న ఇంట్లో కుళాయి కింద గిన్నె పెట్టుకుని కాపురం చేస్తున్నాను," అంది మేస్త్రి భార్య, గిన్నె తీసి బకెట్టులో ఒంపుతూ. "ఎవరికన్నా చెబితే నవ్విపోతారు."

"చెప్పకు," అన్నాడు మేస్త్రి.

"నేను చెప్పాలా? పక్కింటికి వినబడుతూనే ఉంది. నిన్న ఆవిడ అడిగింది, మీ గడియారం అంత గట్టిగా కొట్టుకుంటుందేమిటని."

ముందుగదిలో కోడలి కుట్టుమిషను ఆగి చాలాసేపయింది. ఇంట్లో మాట పెరిగినప్పుడల్లా ఆ మిషను ఆగుతుంది. మాట తెగేదాకా కదలదు.

బొంగరమంటే ఆ ఇంట్లో పిల్లలాడుకునే బొంగరం కాదు. జానెడు ఇనపకడ్డీ. పైన పట్టుకోవడానికి అడ్డపిడి, నడుమ బొంగరంలా కిందికి సన్నబడే, చుట్టూ మరలు కోసిన దిమ్మ, అడుగున గుండీ అంత పళ్లబిళ్ల. కుళాయి లోపల వాషరు వచ్చి కూర్చునే గుండ్రటి అంచును సీటంటారు. అది అరిగి గాడి పడిందంటే ఎన్ని వాషర్లు మార్చినా నీళ్లు ఆగవు. కుళాయి తల విప్పి, దిమ్మను దాని నోట్లో బిగించి, పిడి తిప్పితే పళ్లబిళ్ల ఆ అంచును గీకి మళ్ళీ చదును చేస్తుంది. రెండు కొత్త కుళాయిల ఖరీదు చెయ్యదు. దాంతోనే మేస్త్రి ముప్ఫై ఏళ్లుగా ఊళ్లో కుళాయిల్ని చావనివ్వకుండా కాచుకొచ్చాడు.

గొడవ ఇంటి కుళాయి గురించి కాదు. నర్సుల హాస్టలు గురించి.

ఆ హాస్టల్లో అరవైరెండు కుళాయిలు. ఇరవైరెండేళ్ల క్రితం ప్రతిదాన్నీ మేస్త్రే బిగించాడు. చేత్తో ఎత్తితే బరువు తెలిసే ఇత్తడి సరుకు. ఇప్పుడు సగం కారుతున్నాయి. పాతవన్నీ పీకేసి కొత్తవి వేయించమని కమిటీలో అందరూ అంటున్నారు. కొత్తవి తళతళ మెరుస్తాయి, తేలిగ్గా ఉంటాయి. కొడుకూ అదే అన్నాడు. వార్డెనమ్మ ఒక్కతే ఆగింది. "మేస్త్రిగారూ, గురువారం పొద్దున మీ ఇంటికొస్తాను. ఇదే రకం కుళాయి ఒక్కటి కారకుండా చేసి చూపించండి. చూసి చెబుతాను," అంది.

అదే రకం కుళాయి ఊళ్లో ఇంకెక్కడా లేదు. అదే పెట్టెలో మిగిలిన అరవైమూడోది ఈ వంటింట్లోనే ఉంది. గిన్నెలో 'టప్' మంటున్నది అదే.

"గురువారం ఆవిడొస్తే నేను మాట్లాడతాను," అన్నాడు కొడుకు చెప్పులేసుకుంటూ. "కొత్తవే వేద్దామని చెప్పేస్తాను. నువ్వు ఊరికే మనసు పాడుచేసుకోకు."

"నా చేత్తో బిగించినవి నా కళ్లముందు పీకుతావా?"

కొడుకు గడప దాటి, వెనక్కి తిరక్కుండానే అన్నాడు. "పీకడమేగా నాకొచ్చింది. నాది చెయ్యి కాదుగా."



ఆ మాట ఎక్కణ్ణుంచి వచ్చిందో ఇంట్లో అందరికీ తెలుసు. పన్నెండేళ్ల క్రితం, కొడుక్కి పందొమ్మిదేళ్లప్పుడు, ఎవరింట్లోనో మేస్త్రి మొదటిసారి బొంగరం చేతికిచ్చాడు. కుర్రాడు బలం కొద్దీ తిప్పాడు. సీటు మీద అలలు పడ్డాయి. నీళ్లు వదిలితే కుళాయి కుక్కపిల్లలా కుయ్యిమంది. ఇంటివాళ్లంతా చూస్తుండగా మేస్త్రి అన్నాడు: "నీది చెయ్యి కాదురా, రెంచి." అందరూ నవ్వారు. మేస్త్రీ నవ్వాడు.

ఆ రోజు నుంచి కొడుకు బొంగరం ముట్టలేదు. తుప్పు పట్టి బిగుసుకున్న కీళ్లు విప్పడంలో వాణ్ణి మించినవాడు లేడని పేరు తెచ్చుకున్నాడు. తండ్రి పక్కనే పనిచేశాడు. సీటు గీకే వేళకు మాత్రం వీధిలోకి వెళ్లి నిలబడేవాడు.

*

మంగళవారం మధ్యాహ్నం మేస్త్రి వీధరుగు మీది బల్లపై కూర్చుని రబ్బరు బంతి నొక్కుతున్నాడు. రోజుకు రెండు వందలసార్లు నొక్కమని డాక్టరు చెప్పాడు. నలభై దగ్గర లెక్క తప్పాడు.

ముందుగదిలో మిషను ఆగింది. గుడ్డ మారుస్తోంది కాబోలనుకున్నాడు.

అప్పుడు వినబడింది ఇంకో శబ్దం. కర్... కర్... కర్... ఎండుటాకు మీద వేలు రాసినట్టు.

బంతి నొక్కడం ఆపాడు. ముప్ఫై ఏళ్లు విన్న శబ్దం. ఇత్తడిని పళ్లబిళ్ల పలచగా గీస్తే తప్ప ఆ శబ్దం రాదు.

లేవలేదు. కళ్లు మూసుకుని విన్నాడు. మొదట బరువుగా పడింది. పళ్లు ఎగురుతున్నాయి. 'ఒత్తుతోంది,' అనుకున్నాడు. రెండు నిమిషాలు ఏమీ లేదు. మళ్ళీ మొదలైంది. ఈసారి శబ్దం సన్నబడింది, ఒక్క తీరున సాగింది. తన చెయ్యి ఇంత తేలిగ్గా తిరగడానికి ఏడాది పట్టింది.

పొడి దగ్గు ఒకటి దగ్గాడు.

కర్రుమనడం ఠక్కున ఆగింది. వెంటనే మిషను పరుగందుకుంది. కింద గుడ్డ లేకుండా మిషను నడిస్తే దాని శబ్దం వేరు. ఆరేళ్లుగా వింటున్నాడు, అదీ తెలుసు.

గుమ్మంలోకి వెళ్లి నిలబడ్డాడు.

"ఏం కుడుతున్నావమ్మా?"

"చొక్కా మామయ్యా," అంది కోడలు తలెత్తకుండా.

"ఇత్తడి చొక్కానా?"

ఆమె పెదవులు బిగబట్టింది. ఆగలేకపోయింది. పకపకా నవ్వేసి, ఒళ్లో గుడ్డ కిందనుంచి బొంగరం తీసి బల్లమీద పెట్టింది. పిడి మీద నూనె తుడిచిన గుర్తు. తను తుడిచినదానికన్నా శుభ్రంగా ఉంది.

"గోతంలోంచి తీశాను. బండివాడు తూకం వేస్తుండగా."

"మీ అత్తకు తెలుసా?"

"గోతం మూతి విప్పిందే ఆవిడ."

మేస్త్రి వంటింటి వైపు చూశాడు. అక్కడ గిన్నెలు కడుగుతున్న చప్పుడు ఉన్నట్టుండి పెద్దదైంది.

మిషను బల్ల చివర రెండు చెక్కముక్కల మధ్య ఒక చచ్చిన కుళాయి ఇరికించి ఉంది. కింద వరసగా ఇంకో మూడు. మేస్త్రి కూర్చుని, మొదటిదాన్లో చిటికెనవేలు పెట్టి సీటు తడిమాడు. కళ్లకన్నా ఆ వేలికే ఆయనకు నమ్మకం. మొదటిది అలలు. రెండోది ఇంకా అన్యాయం. మూడోది ఫరవాలేదు. నాలుగోదాని దగ్గర వేలు చాలాసేపు ఉంచాడు.

"ఎవరు నేర్పారు?"

"ఇంకెవరు? రోజూ అన్నం దగ్గర కూర్చుని ప్రతి కుళాయి కథా చెబుతారుగా. మూడు చుట్లు తిప్పు, ఎత్తు, తుడువు, చూడు. మూడు చుట్లు తిప్పు, ఎత్తు, తుడువు, చూడు. నాకు కల్లో కూడా అదే వస్తోంది."

"ఇది గాజులా ఉంది," అన్నాడు.

ఆయన నోటినుంచి అంతకు మించిన మెప్పు రాదని ఆమెకు తెలుసు. ముఖం తిప్పుకుని దారం తెంపింది.

"కానీ వాలింది," అన్నాడు.

"ఏది?"

"సీటు. ఒకవైపు వెంట్రుక మందం లోతెక్కువ. దిమ్మను ఊరికే నోట్లో పెట్టి తిప్పేస్తున్నావు. అది నిటారుగా నిలబడి బిగుసుకున్నాకే పిడి ముట్టుకోవాలి. కడ్డీ వాలితే పళ్లూ వాల్తాయి. నీ సూది వంకరైతే కుట్టు తిన్నగా వస్తుందా?"

"రాదు."

"అంతే. ఇంకోటి. గీకినచోట మెరుపు అంచు చుట్టూ తిరిగొచ్చి కలిసిందా, ఆపెయ్యి. బాగుందనుకుని ఇంకో చుట్టు తిప్పావా, పాడైనట్టే."

కోడలు బొంగరాన్ని చేతిలో అటూ ఇటూ తిప్పింది.

"మామయ్యా, మీ అబ్బాయికి చెప్పాలి."

"చెప్పు."

"నేను చెబితే వేరు. మీరు చెబితే వేరు."

మేస్త్రి బంతిని ఒకసారి నొక్కాడు. లోపలి గదిలో మంచం కింద ఉన్న తన పెట్టె గుర్తొచ్చింది. "నేను చెప్పాల్సింది ఇది కాదు," అన్నాడు. ఏది చెప్పాలో మాత్రం చెప్పలేదు.

*

గురువారం పొద్దున చిక్కు మొదట్లోనే వచ్చిపడింది. కుళాయి తల కదల్లేదు.

మేస్త్రి ఎడమచేత్తో రెంచి పట్టాడు. కోడలు రెండు చేతులతో వేలాడింది. ఇరవైరెండేళ్ల ఉప్పునీటి గార పట్టుకుని కూర్చుంది, రానంటే రానంది.

"ఒరేయ్ నాయనా!" అని కేకేసింది తల్లి వంటింట్లోంచి. "ఒక్కసారి ఇలా రా!"

మేస్త్రి వద్దనేలోపే కొడుకు తువ్వాలుతో తల తుడుచుకుంటూ వచ్చాడు. రెంచి చూశాడు. కుళాయి చూశాడు. గట్టు మీద గుడ్డ పరిచి, దానిమీద పెట్టిన బొంగరాన్ని చూశాడు.

 గిన్నెలో చప్పుడు లేదు. పైన వాల్వు కట్టేశారు.

"బండివాడు తిరిగిచ్చాడా?" అన్నాడు తల్లితో.

ఆమె కోడలి వైపు చూసింది.

"నేనే తీశాను," అంది కోడలు.

"ఎప్పుడు?"

"మీరు వేసిన పూటే. తొమ్మిది రోజులైంది."

"నాకొక్క మాట చెప్పలేదు."

"పారేసేముందు మీరూ చెప్పలేదుగా."

అతను తువ్వాలు భుజాన వేసుకున్నాడు. వెళ్లిపోతాడనుకున్నాడు మేస్త్రి. వెళ్లలేదు. రెంచి అందుకుని, కుళాయి నడుముకు పట్టించి, ఒక్క విసురు విసిరాడు. తల 'కిర్రు'మని వదిలింది. గోడ కదల్లేదు, పైపు కదల్లేదు. ఆ విసురులో ఎంత లెక్క ఉందో మేస్త్రి ఒక్కడికే తెలుసు. 'రెంచికైనా చెయ్యి కావాలి కదరా,' అనుకున్నాడు. పైకి అనలేదు.

కొడుకు వీధిలోకి పోలేదు. గుమ్మానికి ఆనుకుని నిలబడ్డాడు.

కోడలు దిమ్మను నోట్లో పెట్టి నిటారు చూసి బిగించింది. పిడి మీద రెండు వేళ్లు, బొటనవేలు. కర్... కర్... కర్... ఎత్తింది. తుడిచింది. టార్చి వేసి చూసింది. ఇత్తడి పొడి గుడ్డమీద పసుపుగా మెరిసింది. మళ్ళీ మూడు. అంచు మీద మెరుపు సగం చంద్రుడిలా వచ్చింది. మళ్ళీ మూడు. మెరుపు రెండు కొనలూ దగ్గరకొచ్చాయి. మళ్ళీ రెండు తిప్పింది.

మూడోది తిప్పలేదు. "కలిసింది మామయ్యా."

మేస్త్రి చిటికెనవేలు పెట్టాడు. వేలు తీసి పంచెకు తుడుచుకుని తల ఊపాడు.

నీళ్లు వదిలి పొడంతా కడిగేశారు. కొత్త వాషరు వేసి తల బిగించారు. కోడలు కుళాయి మెల్లగా కట్టింది. నాలుగు జతల కళ్లు కుళాయి మూతికి అతుక్కున్నాయి. కారలేదు.

"హమ్మయ్య," అంది మేస్త్రి భార్య. ఆ సంతోషంలో కుళాయి తిప్పి, గిన్నె కడిగి, అలవాటు కొద్దీ భుజం ఒంచి, పళ్లు బిగించి, కిర్రుమనేదాకా కట్టేసింది.

"అయ్యో!" అన్నారు ముగ్గురూ.

"ఏమైందర్రా?"

"ఏమైందా!" మేస్త్రి గొంతు లేచింది. "కొత్త వాషరు గొంతు పిసికేశావు! ఇరవైరెండేళ్లుగా ఇదే పని నీది!"

"కారేదాన్ని గట్టిగా కట్టక ముద్దు చేస్తూ కట్టమంటావా?"

"నువ్వు గట్టిగా కట్టావు కాబట్టే కారింది!"

"కారింది కాబట్టే గట్టిగా కట్టాను!"

"ముందు ఏది మొదలైంది?"

"ముందు నువ్వు దాన్ని బిగించడం మొదలైంది!"

వెనక ఎవరో నవ్వారు. వార్డెనమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. చేతిలో గొడుగు. ఎంతసేపట్నుంచి వింటోందో తెలియదు.

"మా హాస్టల్లో రోజూ ఇదే గొడవ మేస్త్రిగారూ," అంది. "కానివ్వండి, కానివ్వండి. నాకు తొందరేం లేదు."

మేస్త్రి తలదించుకున్నాడు. వాషరుకు వలయంలా గంటు పడి ఉంటుంది. ఉన్నవాటిలో మంచిది అదొక్కటే. ఇంకోటి తేవాలంటే బజారుకు పోవాలి.

కొడుకు గుమ్మం వదిలి లోపలికొచ్చాడు. జేబులోంచి చిన్న కాగితం పొట్లం తీశాడు. అందులో నాలుగు వాషర్లు. మందమైనవి, ఈ రకానికి సరిపోయేవి.

"ఇవెక్కడివిరా?" అంది తల్లి.

"ఉన్నాయి," అన్నాడు. వాల్వు కట్టి, తల విప్పి, వాషరు మార్చి, తల బిగించాడు.  ముందే తెచ్చిపెట్టుకున్నాడని అందరికీ అర్థమైంది.

కోడలు కుళాయి కట్టబోయింది.

"మీరు కాదు," అంది వార్డెనమ్మ. "పని తెలిసినవాళ్లు కడితే ఏ కుళాయైనా మాట వింటుంది. మా అమ్మాయిలు డ్యూటీకి టైమవుతుందని పరిగెత్తుతూ కడతారు. ఈ పెద్దావిడ కట్టాలి."

 ముప్ఫైమూడేళ్ల కాపురంలో భార్యను మేస్త్రి ఎప్పుడూ బతిమాలలేదు. ఇప్పుడు కళ్లతో బతిమాలాడు.

ఆమె కొంగుతో చెయ్యి తుడుచుకుంది. వెళ్లి కుళాయి తిప్పింది. నీళ్లు ధారగా పడ్డాయి. భుజం దానంతటదే ఒంగింది. మళ్ళీ నిటారుగా నిలబడింది. రెండు వేళ్లతో, పసిపిల్ల బుగ్గ పట్టుకున్నట్టు పట్టుకుని, కట్టింది. ధార ఆగగానే చెయ్యి తీసి వెనక్కి దాచుకుంది. మనసు మారి మళ్ళీ బిగిస్తుందేమోనని ఆమెకే భయం.

టప్.

వార్డెనమ్మ కనుబొమలెత్తింది.

"అది మూతి కడుపులో ఉండిపోయిన నీళ్లమ్మా," అన్నాడు మేస్త్రి. "మూడు చుక్కలు దానివి. నాలుగోది పడితే అది సీటుది."

టప్.

కోడలు కొత్త గ్లాసులో టీ తెచ్చి వార్డెనమ్మకిచ్చింది. కళ్లు మాత్రం కుళాయి మీదే ఉన్నాయి. 

టప్.

ఇంకేం వినబడలేదు. కుళాయి మూతికి నాలుగో చుక్క పుట్టింది. గింజంతైంది. ముత్యమంతైంది. కిటికీ వెలుగు మొత్తం దాన్లో తలకిందులైంది. మేస్త్రి దాన్నే చూస్తున్నాడు. అరవైరెండు కుళాయిల్ని ఆ ఒక్క చుక్క మోస్తోంది. అది ఊగింది.

ఊగి, అలాగే నిలబడిపోయింది.

వార్డెనమ్మ టీ ఊదుకుంటూ తాగింది. తాగడం అయిపోయింది. చుక్క అక్కడే ఉంది. గ్లాసు గట్టు మీద పెట్టి, వంగి, దగ్గరగా చూసింది.

"పీకించను," అంది. "కానీ మేస్త్రిగారూ, ఒక చిక్కుంది. హాస్టల్లో నీళ్లు కట్టేయడానికి మధ్యాహ్నం రెండు గంటలే నాకు వీలు. సోమవారం నుంచి వారంలో అయిపోవాలి. అయిపోకపోతే కమిటీ కొత్త కుళాయిలే తెప్పిస్తుంది. వాళ్లను ఇంకా ఆపడం నా వల్ల కాదు. అరవైరెండు, ఒక్క మనిషితో అవుతుందా?"

"అవదు."

"మరి రెండో మనిషి?"

మేస్త్రి కొడుకు వైపు చూడలేదు. చూడకుండా ఉండటానికి చాలా కష్టపడ్డాడు. "ఉంటాడు," అన్నాడు.

*

ఆ సాయంత్రం నలుగురూ వంటింట్లోనే ఉన్నారు. కుళాయి కింద గిన్నె లేదు. ఆ ఖాళీ చోటు వైపు మేస్త్రి భార్య మాటిమాటికీ చూస్తోంది. "ఇల్లు మూగబోయినట్టుందర్రా," అంది. "నిద్ర పడుతుందో లేదో."

"కావాలంటే గట్టిగా కట్టుకో," అన్నాడు మేస్త్రి.

ఆమె నవ్వింది. కోడలు నవ్వింది. కొడుకు గోడకు చేరబడి గోళ్లు చూసుకుంటున్నాడు.

"విప్పడం, బిగించడం నేను చేస్తాను," అన్నాడు ఉన్నట్టుండి. "గీకడం తను. అట్లా అయినా అవదు. రెండు బొంగరాలు కావాలి. మూడు కొట్లు తిరిగాను. ఆ పేరు చెబితే, ఇప్పుడెవరు వాడుతున్నారయ్యా అని నవ్వుతున్నారు."

"ఎప్పుడు తిరిగావు?" అన్నాడు మేస్త్రి.

కొడుకు మళ్ళీ గోళ్లు చూసుకున్నాడు.

"గోతం పంపేసిన మర్నాడే," అంది కోడలు మెల్లగా. "వాషర్లు తెచ్చింది కూడా ఆ రోజే."

"నీకెవరు చెప్పారు?" అన్నాడతను.

"జేబులో పొట్లం పెట్టుకుని చొక్కా ఉతకడానికి వేస్తే ఎవరు చెప్పాలి?"

మేస్త్రి లేచాడు. లోపలి గదిలోకి వెళ్లాడు. మంచం కింద పెట్టె లాగిన చప్పుడు, మూత తీసిన చప్పుడు, వెతికిన చప్పుడు. కాసేపటికి చేతిలో నూనెగుడ్డ మూటతో వచ్చాడు. కొడుకు ముందు నేలమీద పెట్టి, వెళ్లి తన చోట కూర్చున్నాడు.

కొడుకు మూట విప్పాడు. లోపల గ్రీజు పూసిన కాగితం. కాగితం విప్పాడు. అడ్డపిడి, మరల దిమ్మ, పళ్లబిళ్ల. ఒక్క పన్ను అరగలేదు. ఒక్క కుళాయి ముఖం చూసి ఎరగదు అది.

"ఇది నాకూ తెలీదే!" అంది మేస్త్రి భార్య. "ఎప్పుడు కొన్నావు?"

"కొట్లో చవగ్గా వస్తుంటే..." అని మొదలుపెట్టాడు మేస్త్రి. ఆగిపోయాడు. ఇన్నేళ్లూ దాచుకున్న అబద్ధం అదే. ఇప్పుడు నోట్లో తిరగలేదు. "పన్నెండేళ్లయింది. ఆ మాట అన్న మర్నాడు."

ఏ మాట అని ఎవరూ అడగలేదు.

"నాకోసమా?" అన్నాడు కొడుకు.

మేస్త్రి తల ఊపాడు.

"మరి ఇవ్వలేదేం?"

"ఇద్దామనే. సమయం చూసుకుంటున్నాను."

"పన్నెండేళ్లు సమయం చూసుకున్నాడట!" అంది భార్య చేతులు తిప్పి. "ఈ మనిషి కుళాయి కట్టడం నాకు నేర్పుతాడు!"

కొడుకు నవ్వలేదు. కాగితంతో గ్రీజు తుడిచాడు. అడ్డపిడి పట్టుకుని బరువు చూశాడు. లేచి ముందుగదిలోకి నడిచాడు. కోడలు మామగారి వైపు ఒకసారి చూసి అతని వెనకే వెళ్లింది.

మేస్త్రి వీధరుగు బల్లమీదికి చేరాడు. రబ్బరు బంతి తీసుకున్నాడు. నొక్కలేదు. భార్య వచ్చి పక్కన కూర్చుంది. వీధిలో ఎండ పసుపుబారి గోడలెక్కుతోంది.

లోపల చెక్కముక్కల మధ్య కుళాయి ఇరికించిన చప్పుడు. "నిటారుగా ఉందా?" అన్న కొడుకు గొంతు. "కొంచెం ఇటు," అన్న కోడలి గొంతు. తర్వాత రెండు శబ్దాలు. ఒకటి సన్నగా, ఒక్క తీరున. రెండోది గరగరమంటూ, ఎగుడుదిగుడుగా.

"ఒత్తుతున్నాడు," అన్నాడు మేస్త్రి.

భార్య ఆయన మోకాలి మీద చెయ్యి వేసింది. "నోరెత్తావంటే లోపలికెళ్లి ఆ కుళాయి కిర్రుమనేదాకా కడతాను. ఆలోచించుకో."

ఆయన నోరు మూసుకున్నాడు. గరగర ఆగింది. మళ్ళీ వచ్చింది. ఆగింది. ఈసారి వచ్చినప్పుడు కొంచెం పలచబడింది. మేస్త్రి ఊపిరి కూడా దాని వెంటే నడిచింది. మూడు చుట్లు. ఎత్తాడు. తుడిచాడు కాబోలు. మూడు చుట్లు. రెండు శబ్దాల్లో ఏది ఎవరిదో ఒక్క క్షణం ఆయనకే తెలియలేదు. బంతి ఎప్పుడు జారిందో, అరుగు కిందికి దొర్లిపోయింది.

అప్పుడు రెండూ ఆగిపోయాయి. 

"నాన్నా," అని వినబడింది. "ఒకసారి వచ్చి వేలు పెట్టి చూడు."

మేస్త్రి లేచాడు. సీటు ఎట్లా ఉన్నా ఆ వేలికి తెలిసిపోతుంది. బాగుంటే బాగుందనాలి. బాగులేకపోతే ఏమనాలి? పన్నెండేళ్ల క్రితం ఏమనాలో తడుముకోకుండానే అనేశాడు.

బల్ల దగ్గర్నుంచి గుమ్మానికి నాలుగే అడుగులు.

మూడు వేశాడు.